హోస్టింగువారి గవాక్షము: గుణదోష విచారణ

ఒక పాఠశాల పదియేండ్లుగా తన పేర వెబ్‌సైటు నడుపుచున్నదనుకొనవచ్చును. పరీక్షాఫలితములు, సైన్సు సంఘపు సభల వృత్తాంతములు, పూర్వవిద్యార్థుల వ్యాసములు అన్నియు దానిలో చేరియున్నవి. చదువరికి కనబడునవి పుటలు. కాని ఆ పుటలు పుటలుగా ఎచ్చటను దాచబడి యుండవు. చదువరి అడిగిన క్షణమున ఒక ప్రోగ్రాము డేటాబేసునుండి మాటలను, తేదీలను, పేర్లను ఏరి తెచ్చి, పుటగా కూర్చి పంపును. ప్రోగ్రాము పోయినను చింతలేదు; అట్టిదే ప్రతి ఒకటి ఉచితముగా దొరకును. డేటాబేసు అట్లుగాదు. అది ఒక్కటే. అది పోయినచో పదియేండ్ల వ్రాత పోయినట్లే. ఇంతకును ఆ డేటాబేసు పాఠశాల గోడలలోపల లేదు. ఎచ్చటనో హోస్టింగు సంస్థవారి సర్వరులో, వందలకొలది ఇతరుల డేటాబేసుల ప్రక్కన, అద్దెగదిలో నున్నట్లు ఉన్నది. యజమాని దానిని చూచుటకు, దిద్దుటకు, వెలికి తీసికొనుటకు సంస్థవారు ఒక గవాక్షమును తెరచి యుంచుదురు. సాధారణపు హోస్టింగులో ఆ గవాక్షము పేరు చాలవరకు పీహెచ్‌పీ మైఅడ్మిన్.

నాటకములకును నవలలకును విమర్శకులు కలరు. లక్షలమంది చేతబట్టు ఇట్టి పనిముట్టునకు విమర్శ అరుదు. పనిచేయుచున్నదా లేదా యని చూచి ఊరకుందురు. కాని ఇది మనుష్యునికిని అతని వ్రాతకును నడుమ నిలుచు వస్తువు. అది ఏమి చూపుచున్నది, ఏమి చూపలేకున్నది, ఏ పనిని సులువు చేసినది అని అడుగుట న్యాయమే. తీర్పును ముందే చెప్పవచ్చును. చూచుటకును, వెలికి తీసికొనుటకును ఈ గవాక్షము మిక్కిలి మంచిది. లోపలికి చేయిచాచి దిద్దుటకు ప్రమాదకరమైనది. ఈ రెండు పనులను ఒకే తెరమీద, ఒకే సులువుతో, ఒకే అధికారముతో చూపుటయే దాని ముఖ్యదోషము.

మొదట దారి తెలియవలెను. మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసు ప్రోగ్రాము సర్వరులో 3306 అను సంఖ్యగల ద్వారమున ఆజ్ఞలకై వేచియుండును. ఆ ద్వారమును లోకమునకు తెరచియుంచుట దొంగలను పిలుచుట వంటిది గావున హోస్టింగు సంస్థలు దానిని బయటివారికి సాధారణముగా మూసియుంచును. వెబ్‌సైటు ప్రోగ్రాము అదే సర్వరులోనో ప్రక్క సర్వరులోనో ఉండును గావున దానికి అడ్డులేదు. ఇంటినుండి యజమాని ఎట్లు పోవలెను? బ్రౌజరులో సీప్యానెల్ వంటి సంస్థవారి నిర్వహణ పుటను తెరచి, తన పాస్‌వర్డు నిచ్చి, అచ్చటి బొమ్మను నొక్కవలెను. అంతట పీహెచ్‌పీ మైఅడ్మిన్ వచ్చును. అది సర్వరులోనే నివసించు మరియొక ప్రోగ్రాము. యజమాని నొక్కిన ప్రతి నొక్కును అది ఎస్‌క్యూఎల్ అను భాషలోని ఆజ్ఞగా మార్చి డేటాబేసునకు వినిపించి, వచ్చిన జవాబును పట్టికగా గీచి చూపును. అనగా యజమాని డేటాబేసును ముట్టుటలేదు. లోపలనున్న దుబాసీతో మాటలాడుచున్నాడు.

ఈ దారిలో మూడు తాళపుచెవు లుండుటవలన కొత్తవారు తికమకపడుదురు. హోస్టింగు ఖాతా పాస్‌వర్డు ఒకటి. వెబ్‌సైటులో వ్యాసములు వ్రాయువాని పాస్‌వర్డు ఒకటి. వెబ్‌సైటు ప్రోగ్రాము డేటాబేసునకు చెప్పుకొను పాస్‌వర్డు మూడవది. ఈ మూడవది మనుష్యుని నోట పలుకబడదు. వర్డ్‌ప్రెస్ అను ప్రసిద్ధ ప్రోగ్రాములో అది ఒక చిన్న ఫైలులో సాదా అక్షరములతో వ్రాసియుండును. రక్షణకొరకని నిర్వహణ పుటలో దానిని మార్చి, ఆ ఫైలులో మార్చుట మరచినవారి వెబ్‌సైటు మరుక్షణమే నిలిచిపోవును. డేటాబేసు చెక్కుచెదరకుండ ఉన్నను అంతయు పోయినదని బెదరువారు కలరు.

చరిత్రకు నాలుగు మాటలు చాలును. మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడను దేశపు సంస్థనుండి వెలువడినది. దాని పేరులోని మొదటి మాట నిర్మాతలలో నొకడైన మైకేల్ విడేనియస్ కుమార్తె పేరు. పీహెచ్‌పీ మైఅడ్మిన్‌ను 1998లో టోబియాస్ రాట్‌షిల్లర్ ప్రారంభించెను. తీరిక చాలక ఆయన విడిచిన పనిని 2001లో మరి ముగ్గురు చేపట్టిరి. నాటినుండి ఉచితముగా, మూలముతో సహా అందరికి దొరకుచున్నది. హోస్టింగు వ్యాపారములు పెరిగిన కాలమున ధరలేని మంచి వస్తువు దొరకుటచే సంస్థలు దానిని తమ పుటలలో చేర్చుకొనినవి.

గుణములను దాచిపెట్టుట విమర్శ గాదు. ఎస్‌క్యూఎల్ ఒక్క మాట రానివాడును తన డేటాబేసులో ఏయే పట్టికలున్నవో, ఏ పట్టికలో ఎన్ని వరుసలున్నవో, ఒక్కొక్కటి ఎంత చోటు పట్టుచున్నదో ఇచ్చట చూడగలడు. తాను నొక్కిన నొక్కునకు ఏ ఆజ్ఞ పోయినదో తెరమీద చూపుట దీనిలోని గొప్ప సుగుణము. ఆ ఆజ్ఞలు చూచి చూచి భాష నేర్చుకొన్నవారు లెక్కకు మిక్కిలి. ఇంతకంటె గొప్పది ఎగుమతి. ఒక్క పుటలో ఒక్క బొత్తాము నొక్కినచో డేటాబేసు మొత్తము ఒక సాదా ఫైలుగా యజమాని కంప్యూటరునకు దిగివచ్చును. ఆ ఫైలును వేరొక సంస్థవారి సర్వరులో ఎక్కించవచ్చును. అద్దెయిల్లు నచ్చనివాడు సామాను సర్దుకొని పోగలుగుట చిన్న స్వేచ్ఛ గాదు. తాళము మరియొకరి చేతిలోనున్న సేవలలో ఏండ్లతరబడి వ్రాసి, అవి మూతపడిన నాడు వ్రాతలు పోగొట్టుకొన్న వారి ఎదుట ఈ బొత్తాము విలువ తెలియును. 2009లో యాహూవారు జియోసిటీస్ సేవను మూసివేసినప్పుడు తమ పుటలను తీసికొనని వారికి మిగిలినది, పరోపకారులు కొందరు పరుగుపరుగున దింపిపెట్టిన ప్రతులు మాత్రమే.

ఇక దోషములు. వానిలో తెలుగువారికి మిక్కిలి దగ్గరిది లిపికి సంబంధించినది గనుక దానివద్ద కొంత నిలువవలెను.

పాత తెలుగు వెబ్‌సైటు యొకదాని డేటాబేసును ఈ గవాక్షమునుండి తెరచినవానికి ఒక్కొక్కప్పుడు గుండె ఆగును. వెబ్‌సైటులో చక్కగా తెలుగు కనబడుచున్నది. గవాక్షములో తెలుగు అక్షరము ఒక్కటియు లేదు. వరుసలనిండ తలపై చిన్న గీతగల రోమను అక్షరమొకటి మరల మరల వచ్చుచు, దాని వెంట ఉష్ణోగ్రతకు వాడు డిగ్రీ గుర్తుగాని, కూడిక తీసివేతలు కలిసిన గుర్తుగాని కనబడుచుండును. ఇది గజిబిజి గాదు. దీనికి లెక్క కలదు.

యూనికోడులో తెలుగుభాషకు కేటాయించిన సంకేతసంఖ్యలు 128. యూటీఎఫ్-8 అను పద్ధతిలో వానిలో ప్రతిదానికి 3 బైటులు పట్టును. మొదటి బైటు అన్నిటికి ఒక్కటే. రెండవ బైటు రెండింటిలో ఏదో ఒకటి. మూడవ బైటు మాత్రమే అక్షరమునుబట్టి మారును. పశ్చిమ యూరపు భాషలకై ఏర్పడిన లాటిన్-1 అను పాత పట్టికలో ఆ మొదటి బైటునకు అర్థము గీతగల రోమను అక్షరము. రెండవ బైటులు రెండింటికి అర్థము డిగ్రీ గుర్తు, కూడిక తీసివేతల గుర్తు. కనుక తెలుగు బైటులను లాటిన్-1 కన్నులతో చదివినవానికి ఆ గుర్తులే వరుసగా కనబడును.

ఇట్లేల జరిగినది? మైఎస్‌క్యూఎల్ చాలకాలము ఏమియు చెప్పనిచో ప్రతి పట్టికను లాటిన్-1గా భావించెడిది. అక్షరక్రమమునకు స్వీడిష్ భాషానియమములను వాడెడిది. నిర్మాతల సంస్థది ఆ దేశము గదా. తెలుగు కథలు, పద్యములు స్వీడిష్ అక్షరక్రమమున నిదురించుట వింతయే. ఈ అలవాటు 2018లో వచ్చిన 8.0 కూర్పుతోగాని మారలేదు. వర్డ్‌ప్రెస్ కూడ 2007లో 2.2 కూర్పు వచ్చువరకు తాను పంపు అక్షరములు ఏ పద్ధతివో డేటాబేసునకు చెప్పెడిదికాదు. తెలుగు బైటులు లాటిన్-1 ముసుగుతో లోపలికి పోయినవి. ముసుగుతోనే బయటికి వచ్చినవి. పోవునప్పుడొక తప్పు, వచ్చునప్పుడొక తప్పు. ఋణమును ఋణముతో గుణించిన ధనమైనట్లు రెండు తప్పులు కలిసి వెబ్‌సైటులో తెలుగు సరిగా కనబడినది.

పీహెచ్‌పీ మైఅడ్మిన్ తన అక్షరపద్ధతిని సక్రమముగా చెప్పును. కనుక డేటాబేసు తన పట్టికలను నిజముగా లాటిన్-1 అని నమ్మి, ఒక్కొక్క బైటును ఒక్కొక్క పశ్చిమ అక్షరముగా మార్చి ఇచ్చును. ఒక విధముగా గవాక్షము నిజము చెప్పుచున్నది, అబద్ధము వెబ్‌సైటుది. ఇంతవరకు గవాక్షమును తప్పుపట్టరాదు. తప్పు తరువాత వచ్చును. ఈ స్థితిలో ఎగుమతి చేసినచో ఆ పశ్చిమ గుర్తులే మరల యూటీఎఫ్-8గా ఫైలులో వ్రాయబడును. “తెలుగు” అను మాటకు 18 బైటులు చాలునుగదా. ఆ ఫైలులో అదే మాట 38 బైటులగును. కొత్త సంస్థవారి సర్వరులో దానిని ఎక్కించిన నాడు వెబ్‌సైటునిండ డిగ్రీ గుర్తులే. పాత ఖాతాను అప్పటికే మూసివేసినవాడు మరి చేయునదేమి? సంగతి తెలిసినవారు వెనుకకు మార్చగలరు. తెలియనివారు అంతయు చెడినదని విడిచిపెట్టుదురు.

ఇంకొక చిక్కు. పట్టిక లాటిన్-1 అని చూచినవానికి దానిని యూటీఎఫ్‌గా మార్చవలెనని తోచుట సహజము. గవాక్షములో అందుకు జాబితా కలదు. ఎంచి నొక్కిన చాలును. నిలువువరుసలతో సహా మార్చుమని కోరినచో డేటాబేసు ముసుగునే ముఖమనుకొని మార్చివేయును. సరియైన పద్ధతి రెండడుగులది. నిలువువరుసను ముందు అక్షరములు లేని ఉత్త బైటుల రకముగా మార్చి, పిమ్మట యూటీఎఫ్‌గా మార్చవలెను. అప్పుడు బైటులు కదలవు, పేరు మాత్రము మారును. వైద్యమును, విషమును ఒకే అరలో పెట్టి పేరుచీటీ అంటింపని మందులదుకాణము వంటిది ఆ తెర.

ప్రసంగవశమున మరియొక విచిత్రము. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పేరుపెట్టిన పద్ధతి చాలకాలము అక్షరమునకు 3 బైటులకు మించి ఇయ్యలేదు. తెలుగునకు 3 బైటులు చాలును గనుక తెలుగువారికి నష్టము తోచలేదు. కాని నవ్వుముఖపు బొమ్మలకు 4 బైటులు కావలెను. వ్యాసము నడుమ ఒక నవ్వుముఖము పెట్టినచో, నియమము సడలించియున్న సర్వరులలో, ఆ ముఖమునుండి వ్యాసము చివరివరకు పోయెడిది. 4 బైటుల పద్ధతి 2010లో వచ్చినది; వర్డ్‌ప్రెస్ దానికి మారినది 2015లో.

రెండవ పెద్దదోషము పట్టిక ఆకారమును నమ్మించుటలో నున్నది. గడులు గీచిన పట్టికను చూచిన ఉపాధ్యాయునికి హాజరుపట్టీ గుర్తునకు వచ్చును; తప్పున్నచోట కొట్టివేసి దిద్దవచ్చునని తోచును. గవాక్షము కూడ ఆ భ్రమనే పెంచును. గడిమీద రెండుమార్లు నొక్కి, మార్చి, ప్రక్కన నొక్కినచో మార్పు వెంటనే నిలిచిపోవును. కాని ఆ గడులలో కొన్ని మనుష్యులకై వ్రాసినవి కావు. ప్రోగ్రాము తనకొరకు తాను వ్రాసికొన్నవి.

వర్డ్‌ప్రెస్‌లో అమరికలు దాచు పట్టికను చూడుడు. దానిలోని అనేక గడులలో పీహెచ్‌పీ భాష తన సమాచారమును మూటగట్టి పెట్టును. మూటలో ప్రతి మాటకు ముందు ఆ మాట ఎన్ని బైటులదో వ్రాసియుండును. “తెలుగు” అను శీర్షిక యున్నచో దానిముందు 18 అని యుండును. కంటికి కనబడునవి మూడు అక్షరములు. గుణింతపు గుర్తులను విడదీసి లెక్కించిన ఆరు సంకేతములు. ఒక్కొక్కటి 3 బైటులు గనుక 18. ఇప్పుడు యజమాని గవాక్షమునుండి ఆ గడిలో “తెలుగు” తీసివేసి “ఆంధ్రము” అని వ్రాసెను. దానిలో సంకేతములు ఏడు, బైటులు 21. ముందున్న 18 అట్లే యున్నది. ప్రోగ్రాము మూటవిప్పి 18 బైటులు లెక్కించి ఆగును. అచ్చట ఉండవలసిన ముగింపు గుర్తు లేదు. ఒక్క మాటయేగదా యని అది సర్దుకొనదు. మొత్తము మూటను పనికిరానిదిగా త్రోసివేయును. దిద్దినది ఒక్క శీర్షిక. మాయమైనవి ఆ మూటలోని అమరికలన్నియు.

ఈ అపాయము పండితచర్చకు మాత్రము పరిమితమైనది గాదు. వెబ్‌సైటు చిరునామా మార్చునప్పుడు, రక్షణగల చిరునామాకు మారునప్పుడు జనులు చేయు మొదటిపని డేటాబేసు అంతట పాతచిరునామా తీసి కొత్తది పెట్టుటయే. రక్షణకై చిరునామా మొదటిలో ఒక్క అక్షరము చేరును. ఆ ఒక్క బైటు మూటలన్నిటి లెక్కను తప్పించును. మూట విప్పి, దిద్ది, లెక్కసరిచేసి మరల కట్టు ప్రత్యేక పనిముట్లు కలవు. ఆ పనికి అవియే తగినవి. గవాక్షమునకు మూటయని తెలియదు. దానికది పొడవైన అక్షరమాల మాత్రమే.

వరుసలను తొలగించుటలోను ఇదే తెలియనితనము. వర్డ్‌ప్రెస్ ఒంటి వెబ్‌సైటులో మూలపట్టికలు 12. వ్యాస మొక పట్టికలో, దాని అనుబంధ వివరములు మరియొకదానిలో, వ్యాఖ్యలు వేరొకదానిలో, వర్గములు ఇంకొకచోట. వెబ్‌సైటులోపలినుండి వ్యాసమును శాశ్వతముగా తొలగించినచో ప్రోగ్రాము ఆ పట్టికలన్నిటిలో వెదకి తుడుచును. గవాక్షమునుండి వ్యాసపు వరుస నొక్కటి తీసివేసినచో మిగిలిన పట్టికలలో దాని బంధువులు దిక్కులేక మిగిలిపోవును. ఇచ్చట నింద గవాక్షమునకే వేయుట అన్యాయము. ఐ.బి.ఎం. సంస్థలోని ఇ.ఎఫ్. కాడ్ 1970లో సంబంధపట్టికల సిద్ధాంతమును ప్రకటించిన నాడు ఆయన ఉద్దేశము, డేటా యంత్రములో ఎట్లు అమర్చబడినదో వాడువారు తెలిసికొననవసరము లేకుండ చేయుట. ఈ పట్టికలోని సంఖ్య ఆ పట్టికలోనిదే కావలెనను బంధమును డేటాబేసునకే చెప్పవచ్చును. చెప్పినచో ఎవరు ఏ దారిని వచ్చినను డేటాబేసు దానిని కాపాడును. వర్డ్‌ప్రెస్ నిర్మాతలు ఆ బంధములను పట్టికలలో ప్రకటింపలేదు. తమ ప్రోగ్రాములో మాత్రము ఉంచుకొనిరి. కావలివానిని ముందుద్వారమున నిలిపి దొడ్డిదారిని వదలినట్లయినది. హోస్టింగువారు తాళపుచెవి ఇచ్చునది ఆ దొడ్డిదారికే.

పొరపాటున చేసిన మార్పును వెనుకకు తీసికొనవచ్చునా? డేటాబేసు శాస్త్రములో అందుకు ఉపాయము కలదు. కొన్ని మార్పులను ఒక లావాదేవీగా కట్టి, నచ్చినచో స్థిరపరచి, నచ్చనిచో మొత్తము రద్దుచేయవచ్చును. 2010 వరకు మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడిన పట్టికలరకమునకు ఈ శక్తియే లేదు. నేటి రకమునకు కలదు. ఐనను గవాక్షములో నొక్కుచు పోవువానికి దాని ఫలము దక్కదు. గవాక్షము ప్రతి నొక్కునకు కొత్తగా డేటాబేసుతో సంబంధము పెట్టుకొని, జవాబు రాగానే త్రెంచుకొనును. సంబంధము తెగినచోట లావాదేవీ నిలువదు. కావున ప్రతి మార్పును అప్పటికప్పుడే స్థిరపడును. మొత్తము పట్టికను పారవేయబోయినచో “నిశ్చయమేనా” యని అడుగుట మంచిదే. కాని ఒక్క గడిలోని ఒక్క అంకె మార్చునప్పుడు అట్లడుగదు. పై ఉదాహరణలో నష్టము జరిగినది అచ్చటనే. ఒక ఆజ్ఞ ఎన్ని వరుసలను తాకునో ముందుగా లెక్కచూపు సదుపాయమును నిర్మాతలు పిమ్మట చేర్చిరి. అది మెచ్చదగినది. ఎస్‌క్యూఎల్ వ్రాయు చోటున మాత్రమే యుండుటచే, దాని అవసరము ఎక్కువగా గలవాడు ఆ చోటునకు పోనేపోడు.

హోస్టింగువారి వంతు ఇంకను మిగిలియున్నది. సీప్యానెల్ నుండి గవాక్షమునకు పోవు యజమాని తనకున్న అధికారములన్నిటితో లోపలికి పోవును. చూచుటకు మాత్రమే యొక ద్వారము, మార్చుటకు వేరొక ద్వారము ఎందుకుండరాదు? డేటాబేసులో అట్టి అధికారభేదము ఎప్పటినుండియో కలదు. చదువుటకు మాత్రమే అనుమతిగల వాడుకరిని సృష్టించుట నాలుగు నొక్కులపని. వెబ్‌సైటు ప్రోగ్రామునకు కొత్తవాడుకరిని చేర్చునప్పుడును అధికారములన్నియు ఇచ్చు గడి జాబితాకు తలమీదనే కనబడును. జనులు దానినే గుర్తుపెట్టుదురు. పాఠశాల గ్రంథాలయమునకు పోవు విద్యార్థికి పుస్తకములతోపాటు గ్రంథాలయమును పడగొట్టు గునపమును ఇచ్చువారు లేరు.

ఎగుమతి మెచ్చదగినదని పైన చెప్పబడినది. దిగుమతి దానికి జోడుగా లేదు. గవాక్షము ఎంత ఫైలునైనను ఇయ్యజూచును. తీసికొనుటకు మాత్రము సర్వరులోని హద్దు అడ్డుపడును. పీహెచ్‌పీ తనంతట పెట్టుకొను హద్దు 2 మెగాబైటులు. సంస్థలు దీనిని పెంచవచ్చును, పెంచుదురుకూడ. ఎంతకు పెంచిరో దిగుమతి పుటలో వ్రాసియుండును. ఆ సంఖ్యను ముందే చూచుకొనువారు తక్కువ. కుదించిన ఫైలును కూడ గవాక్షము స్వీకరించును గనుక కొంత మేలు. తెలుగు ఫైలులు మరియు బాగుగా కుదించుకొనును. ప్రతి 3 బైటులలో మొదటి రెండు ఇంచుమించు మారవుగదా! పెద్ద డేటాబేసునకు ఎగుమతియు నమ్మదగినది గాదు. కాలపరిమితి ముగిసినచో సర్వరు పనిని నడుమనే ఆపును. ఫైలు దిగివచ్చినట్లే కనబడును, చివరి పట్టికలు లేకయే. ఇట్టి ఫైలును సాదా అక్షరముల ఎడిటరులో తెరచి కడపటి పంక్తులు చూచుట మంచిది. పూర్తియైన ఫైలు చివర సాధారణముగా “కమిట్” అను ఆజ్ఞ కనబడును. వాక్యము మధ్యలో తెగినచో ఆ ప్రతి ప్రతి గాదు.

ప్రతిని ఎచ్చట నుంచవలెను? సంస్థవారే రోజును ప్రతులు తీయుచున్నారు గనుక మనకేల యనువారు 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గు నగరమున జరిగినదానిని తెలిసికొనవలెను. ఆ రాత్రి ఓవీహెచ్ సంస్థవారి డేటాకేంద్రములలో నొకటి పూర్తిగా కాలిపోయినది; ప్రక్కదానిలో కొంతభాగము కాలినది. లక్షలకొలది వెబ్‌సైటులు ఆగిపోయినవి. ప్రతులకై ప్రత్యేకముగా డబ్బు చెల్లించినవారిలో కొందరి ప్రతులు అసలుతోపాటు అదే భవనములో కాలినవి. 2023లో ఫ్రెంచి వాణిజ్యన్యాయస్థానమొకటి అట్టి ఖాతాదారునికి నష్టపరిహారము ఇప్పించినది. పరిహారము వచ్చినది, డేటా రాలేదు. గవాక్షములోని ఎగుమతి బొత్తాము ఎందుకు గొప్పదో ఆనాడు, వారము ముందు దానిని నొక్కి ఫైలును తన ఇంటిలో దాచుకొన్న చిన్న యజమానికి తెలిసియుండును.

ఉన్నత పాఠశాలలలో దీనిని చూపుటకు హోస్టింగు అద్దె అక్కరలేదు. ఎక్సాంప్ అను ఉచితపు మూటలో మైఎస్‌క్యూఎల్ వంశపు డేటాబేసును, ఈ గవాక్షమును రెండును కలవు. మామూలు కంప్యూటరులో పనిచేయును. అచ్చట చెడగొట్టినను పోవునది లేదు గనుక ముందు చెడగొట్టి చూచుటయే మంచి ప్రయోగము. యూటీఎఫ్8ఎంబీ4 పట్టికలో “తెలుగు” అని ఒక గడిలో చేర్చి, ఎస్‌క్యూఎల్‌లోని లెంగ్త్ అను ప్రమేయముతో దాని పొడవు అడిగినచో 18 అని జవాబు వచ్చును. క్యార్ లెంగ్త్ అను ప్రమేయముతో అడిగినచో 6. కంటితో లెక్కపెట్టిన విద్యార్థి 3 అనును. మూడు సంఖ్యలును సరియైనవే. ఏది దేనిని లెక్కించుచున్నదో నల్లబల్లమీద విడదీసి వ్రాసి, అదే మాటను లాటిన్-1 పట్టికలో చేర్చ ప్రయత్నించినచో ఏమగునో తరువాతి గంటలో చూపవచ్చును. నియమము బిగించియున్న కూర్పులో డేటాబేసు తిరస్కరించును. సడలించియున్నచో ఆరు ప్రశ్నార్థక చిహ్నములు మిగులును. డిగ్రీ గుర్తులను వెనుకకు తిప్పవచ్చునుగాని ప్రశ్నార్థక చిహ్నములనుండి తెలుగును తిరిగి తెచ్చు ఉపాయము లేదు. మూడవ బైటులు అచ్చట లేవు.